పనసమ్మ చంకలో బిడ్డ

ఒకప్పుడు పనసకాయలు కూడా మామిడికాయల్లాగే కొమ్మల చివర వేలాడేవర్రా. తోలు మీద ఒక్క ముల్లు ఉండేది కాదు. కోస్తే చుక్క జిగురు కారేది కాదు. నమ్మరా? ముందు కథ వినండి, ఆ తర్వాత పెడుదురుగాని పండులో చెయ్యి!

అప్పట్లో ఓ కొండవాగు పక్కన పనసమ్మ అనే చెట్టు ఉండేది. బిడ్డలంటే దానికి ఎంత మురిపెమో! "చూడండర్రా, మా బుజ్జిగాళ్ళు ఎంత ముద్దొస్తున్నారో!" అంటూ కాయల్ని కొమ్మల చివరంటా చాచి, పిట్టలకీ దారినపోయేవాళ్ళకీ చూపించేది.

బిడ్డలేమో బొద్దుగా ఊరేవాళ్ళు. ఆ సన్నకొమ్మలు అంత బరువు మోస్తాయా? పండకముందే ఫట్టుమని విరిగేవి. కాయలు రాళ్ళ మీద పడి పగిలేవి. లేత గింజ మొలకెత్తదు కదా! కొండ మొత్తం వెతికినా పనసమ్మకి ఒక్క పిల్లమొక్క లేదు, పాపం.

ఆ ఏడూ అన్నీ రాలి, ఒక్క కాయ మిగిలింది. దాని కొమ్మ కూడా కిర్రుమంటోంది. పనసమ్మ బావురుమంది.

అదే దారిన అసిరి అనే ఆవిడ చేనుకి వెళ్తోంది. నెత్తిన తట్ట, చేతిలో కొడవలి, గుడ్డతో నడుముకి కట్టుకున్న చంటిపిల్ల.

"ఏటమ్మా, అలాగేడుస్తన్నావు?" అని అడిగింది.

పనసమ్మ గోడంతా వెళ్ళబోసుకుంది. అసిరి పకపకా నవ్వింది.

"ఓలమ్మో! బిడ్డని వేలి చివర ఆడిస్తే పడిపోదేటి? నన్ను సూడు. కొండెక్కినా, కోత కోసినా పిల్ల నా నడుముకే ఉంటాది. నీకూ ఇంత లావు నడుముంది కదమ్మా, అదెందుకు?"

పనసమ్మ తన మానుకేసి చూసుకుంది. "అవును సుమీ! ఇన్నాళ్ళూ నాకీ బుద్ధి పుట్టలేదేం?" అని కొమ్మ వంచి, బిడ్డని తెచ్చి మానుకే తగిలించుకుంది. కాయ హాయిగా ఊరింది. ఊరి ఊరి గుమ్మడికాయని మించిపోయింది.

"మరి ముళ్ళో?" అంటారా? వస్తున్నా, వస్తున్నా, తొందరెందుకు!

కాయ రేపో మాపో పండుతుందనగా ఎలుగుబంటి వచ్చింది. చెట్టెక్కే పనే లేదు దానికి, కాయ నోటికి అందేంత కిందనే ఉందాయె! ముక్కు ఆనించి "ఉఫ్" అంది. ఆ వేడి ఊపిరికి బిడ్డ ఒళ్ళు జలదరించింది. ఒళ్ళంతా బుడిపెలు లేచి ముళ్ళలా బిగుసుకున్నాయి.

"అమ్మా!" అని కేకేసింది.

పనసమ్మ ఊరుకుంటుందా? తన పాలన్నీ జిగురుగా మార్చి బిడ్డని గట్టిగా పట్టుకుంది. ఎలుగుబంటి పంజా విసిరింది. ముళ్ళు గుచ్చుకున్నాయి, జిగురు అంటుకుంది. పంజా నాకబోతే మూతి కూడా అతుక్కుంది! "మ్మ్... మ్మ్..." అంటూ ఒకటే పరుగు.

తర్వాత ఆ కాయ నిదానంగా పండి, మెత్తగా నేల మీదికి జారింది. వానలు పడ్డాయి. అసిరి మళ్ళీ వచ్చి చూస్తే ఏముంది, పనసమ్మ కాళ్ళ దగ్గరంతా పిల్లమొక్కలే! పనసమ్మ ఆనందం పట్టలేకపోయింది.

అప్పటినుంచే పనస మాను నడుముకే కాస్తోంది. అప్పుడు భయంతో లేచిన బుడిపెలు ఇప్పటికీ అణగలేదు. ఇక జిగురంటారా? మనం కోసి ఇంటికి తెచ్చుకున్నా ఆ అమ్మ పట్టు వదల్లేదర్రా. అందుకే చేతులకి నూనె రాసుకుని, మెల్లగా విడిపించుకుని తినాలి.