నిప్పు బూడిద కప్పుకున్న సంగతి

ఒకప్పుడు నిప్పు ఒంటిమీద బూడిద నిలిచేదే కాదు. రవ్వంత పడినా చప్పున దులిపేసుకునేది. ఎర్రగా ఉన్నానని దానికి మహా మిడిసిపాటు. తిండి కూడా అంతే, ఎన్ని కట్టెలు వేసినా ఇంకా ఇంకా అనేది.

ఆ రోజుల్లో మన్యం కొండమీద చిలకమ్మ అనే ముసలామె ఉండేది. సరిగ్గా చలి ముదిరిన వేళ ఆమె కూతురికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల పిడికెడంత ఉంది. బయట అడవంతా మంచుకి తడిసి ముద్దయింది. ఇంట్లో ఉన్న ఎండుకట్టెలే దిక్కు.

చిలకమ్మ కట్టెల వంక చూసేది, పిల్ల పాదాలు తడిమేది, మళ్లీ కట్టెల వంక చూసేది.

పొగ పోయే కంత ఒక్కటి వదిలి, గోడ బీటలన్నిటికీ మట్టి మెత్తింది. గుమ్మానికి గోనెపట్టా కట్టింది. నేలమీద ఎండుగడ్డి పరిచింది. ఇల్లు కాస్త వెచ్చబడింది గానీ నిప్పు ఆకలి తగ్గలేదు. ఒక సాయంత్రానికి ఒక్కటే దుంగ మిగిలింది.

"అగ్గిబాబూ, మెల్లగా తినరా నాయనా! నువ్వారిపోతే పిల్ల బతకదు" అంది చిలకమ్మ.

"నేనేం చెయ్యను? నాకూ చలేస్తోంది. చలేస్తే ఆకలి ఆగదు" అంది నిప్పు.

చిలకమ్మ నోరు తెరిచింది. నిప్పుకి చలేమిటి! పక్కన దులిపి పడేసిన బూడిదలో చెయ్యి పెట్టి చూసింది. లోపల గోరువెచ్చగా ఉంది.

"ఓలమ్మా! ఇంత మంచి దుప్పటి ఎందుకు దులిపేసుకుంటన్నావు?"

"ఛీ! అది కప్పుకుంటే నా ఎరుపు ఎవరికి కనపడుతుంది?"

"దుంగ అయిపోతే ఎరుపూ ఉండదు, నువ్వూ ఉండవు. నా మనవరాలూ ఉండదు" అని చిలకమ్మ బావురుమంది.

ఆరిపోతానన్న ఆలోచన నిప్పుకి అంతవరకూ రాలేదు. దానికి భయం పట్టుకుంది. "సరే, కప్పు" అని కళ్లు మూసుకుంది.

దుంగ ఇంకా సగం ఉండగానే చిలకమ్మ నిప్పుల్ని దగ్గరికి చేర్చి, గుప్పిళ్లతో బూడిద కప్పింది. పొయ్యిలో ఎరుపు మాయమైంది. అయ్యో, చంపేశానా ఏమిటి! పిల్లని ఒళ్లో పెట్టుకుని పొయ్యి రాళ్లకి ఆనుకుంది. రాళ్లు వెచ్చగానే ఉన్నాయి, అయినా ఆమె రాత్రంతా కన్ను మూయలేదు.

తెల్లవారగానే బూడిద తీసింది. అంతా నలుపే. ఊదింది. ఏమీ లేదు. మళ్లీ ఊదింది.

అడుగున ఎర్రటి కన్ను ఒకటి తెరుచుకుంది.

"అప్పుడే తెల్లారిందా?" అని ఆవలించింది నిప్పు. "ఇంత హాయిగా ఎన్నడూ నిద్రపోలేదు. దుంగ అలా ఉంచు, మళ్లీ కప్పెయ్యి."

ఒళ్లో పిల్ల పాలకోసం కెవ్వుమంది. ఆ ఏడుపు విని చిలకమ్మ పకపకా నవ్వింది.

అప్పటినుంచే, మంట తగ్గగానే నిప్పు తన బూడిదని తనే ఒంటిమీదికి లాక్కుంటుంది. చూడటానికి ఆరిపోయినట్టే ఉంటుంది. నమ్మి వేలు పెట్టేరు సుమా, నిద్ర చెడగొడితే దానికి ఇప్పటికీ ఒళ్లుమంటే.