వరహాలదాసుగారి మెరిసే పళ్ళు

చీపురుపల్లిలో వరహాలదాసుగారనే హరికథకుడు ఉండేవారు. గొంతు బంగారం, ఒక్కో మాట ముత్యం, కానీ ఒంట్లో బాగాలేదని ఒప్పుకోవడం మాత్రం ఆయనకు నామోషీగా ఉండేది. ఆయన మా నాన్నగారికి మేనమామ. ఆయనకు జరిగిన సంగతి మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించే చెప్పుకుంటాం.

కథ ఉన్న రోజు దాసుగారు పొద్దుటి నుంచి ఏమీ తినేవారు కాదు. నిండు కడుపుతో రాముడి కథ చెప్పకూడదని ఆయన నియమం. మంగళహారతి అయ్యాక, ఏ అర్ధరాత్రో, పిలిచినవాళ్ళ ఇంట్లో పులిహోర, గారెలు, ఆవపెట్టిన పనసపొట్టు కూర కడుపునిండా తినేవారు. తిన్న వెంటనే అలసటతో నడుం వాల్చేవారు. ఏళ్ళ తరబడి ఇలాగే సాగింది. మెల్లగా గుండెల్లో మంట మొదలైంది. పుల్లటి నీళ్ళు గొంతులోంచి నోట్లోకి ఎగదన్నేవి.

దాసుగారికి ఆ మంట కంటే నోరు మైలపడటమే పెద్ద బాధ. "కడుపులోది నోట్లోకి వచ్చాక, ఈ నోటితో స్వామి పేరు ఎలా ఎత్తను?" అనేవారు. అందుకని పులుపు పైకి వచ్చిన ప్రతిసారీ, వెంటనే, కచ్చిక పొడిలో ఉప్పు కలిపి పళ్ళు గట్టిగా తోముకునేవారు. పిడకలు కాల్చి చేసిన ఆ పొడి ఏ ఊరు వెళ్ళినా ఆయన సంచిలో ఉండాల్సిందే. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోరోజు ఆరుసార్లు కూడా తోమేవారు.

ఆయన భార్య అప్పలనరసమ్మగారు ఇదంతా గమనిస్తూ ఉండేవారు. ఒకరోజు గుళ్ళో తీర్థం పుచ్చుకుంటూ దాసుగారు ఉలిక్కిపడి దవడ పట్టుకున్నారు.

"ఏటండీ, తీర్థానికే అలా అదిరిపడ్డారు?" అని ఆమె అడిగారు.

"చల్లగా ఉందిలేవే."

"మొన్న జంతికలు కూడా పక్కన పెట్టేశారు. మీ ముందు పళ్ళ అంచులు గాజుపెంకుల్లా అయిపోయాయి. విజయనగరం వెళ్ళి ఒకసారి చూపించుకుందామండీ."

దాసుగారు నవ్వారు. "పిచ్చిదానా! ఇన్నిసార్లు తోముతుంటే మెరవవూ? ఈ వయసులో ఇలాంటి పళ్ళు ఊళ్ళో ఇంకెవరికున్నాయో చూపించు."

"అది మెరుపు కాదండీ, పలచబడ్డాయి. పోనీ ఆ గుండెల్లో మంట సంగతైనా డాక్టరుకి చెప్పండి."

"దాసుకి జబ్బని తెలిస్తే కథకి ఎవరు పిలుస్తారే? ఊరుకో."

ఆమె మెత్తని మనిషి. ఊరుకున్నారు. మళ్ళీ కొన్నాళ్ళకు అడిగారు, మళ్ళీ ఊరుకున్నారు. అలా మూడేళ్ళు గడిచాయి.

ఆ ఏడు దాసుగారికి వాళ్ళ గురువుగారి ఊరి నుంచి పిలుపు వచ్చింది. తొమ్మిది రోజుల రామాయణం. గురువుగారు గజ్జె కట్టిన అరుగు మీద నిలబడి, రాముడు పుట్టిన దగ్గర నుంచి పట్టాభిషేకం దాకా చెప్పాలని ఆయన ముప్పై ఏళ్ళుగా కోరుకుంటున్నారు. ఉత్తరం అందిన రోజు దాన్ని కళ్ళకద్దుకుని దేవుడి దగ్గర పెట్టుకున్నారు.

మూడు రోజులు జనం కదలకుండా విన్నారు. నాలుగోరోజు సాయంత్రం ఎవరో ప్రసాదమని చేతిలో కొబ్బరిముక్క పెట్టారు. ప్రసాదం కాదనకూడదని కొరికారు. పటుక్కుమంది. పై వరసలో ముందుపళ్ళు రెండూ సగానికి విరిగి చేతిలోకి వచ్చాయి.

అయినా ఆయన గజ్జె కట్టారు. ఆనాటి కథ సీతమ్మ రాముడితో అడవికి బయల్దేరే ఘట్టం. పద్యం ఎత్తుకోగానే 'సీత' అన్న పేరు ఈలలా బయటికి వచ్చింది. మళ్ళీ అన్నారు. మళ్ళీ అదే ఈల.

"ఒరే, తాత ఈలేస్తున్నాడురా!" అని ముందు కూర్చున్న పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్ళు గదిమారు. దాసుగారు ఎలాగో ఆ ఘట్టం ముగించి, మెడలో దండ తీసి రాముడి పటానికి వేసి, "ఇక నా వల్ల కాదు, మన్నించండి" అని అరుగు దిగిపోయారు.

విజయనగరంలో పళ్ళ డాక్టరమ్మ నోరు తెరిపించి చూసి, "దాసుగారూ, మీకు పుల్లటి త్రేన్పులు వస్తాయా?" అని అడిగారు.

"నా పొట్ట సంగతి మీకెవరు చెప్పారు తల్లీ?"

"మీ పళ్ళే చెప్పాయి. పైపళ్ళు లోపలివైపు బాగా అరిగిపోయాయి. కడుపులోని ఆమ్లం తరచుగా నోట్లోకి వస్తే ఇలా జరుగుతుంది."

"వచ్చిన వెంటనే తోమేసుకునేవాణ్ణమ్మా. ఒక్కసారి కూడా మానలేదు."

ఆమె మెల్లగా అన్నారు. "అక్కడే పొరపాటు జరిగింది. ఆమ్లం తగిలినప్పుడు పంటి పైపొర కాసేపు మెత్తబడుతుంది. అప్పుడు మంచినీళ్ళతో పుక్కిలించి ఊరుకోవాలి. ఒక గంట ఆగి మెత్తటి బ్రష్షుతో తోముకోవాలి. మీరు మెత్తబడినదాన్ని బూడిదా ఉప్పూ వేసి గీకేశారు. అసలు ముందు ఆ మంటకు వైద్యం చేయించుకోవాల్సింది."

"ఆ పొర మళ్ళీ పెరుగుతుందా తల్లీ?"

"పెరగదండీ."

ఇంకో డాక్టరు కడుపుకి మందులిచ్చారు. పెందలాడే తినమన్నారు, తిన్నాక రెండు మూడు గంటల దాకా పడుకోవద్దన్నారు. రెండు నెలల్లో మంట తగ్గిపోయింది. ఇంత తేలికగా తగ్గేదా అని అప్పలనరసమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

దాసుగారికి పళ్ళు కట్టారు. వాటితో తిన్నారు, మాట్లాడారు. కానీ గబగబా సాగే వచనానికి, గుక్క తిప్పుకోని పద్యానికి ఆ పళ్ళు లొంగలేదు. ఆయన మళ్ళీ గజ్జె కట్టలేదు.

ఒక పట్టాభిషేకం రోజున ఆయన భార్యతో అన్నారు. "నర్సమ్మా, గురువుగారి అరుగు మీద రాముణ్ణి అడవికి పంపేశానే. తిరిగి అయోధ్యకు తీసుకురాలేకపోయాను. నువ్వు మూడేళ్ళు చెప్పావు. వినలేదు."

"నేనూ పోట్లాడి ఉండాల్సిందండీ" అన్నారామె. "మీకు కోపం వస్తుందని ఊరుకున్నాను."

ఒంట్లో బాధను సిగ్గుపడి దాచిపెట్టి పైపైన శుభ్రం చేసుకుంటే జబ్బు పోదు, మనం ప్రాణంగా కాపాడుకోవాలనుకున్నదే పోతుంది. కనుక బాధ చిన్నదిగా ఉన్నప్పుడే నోరు విప్పి చెప్పాలి, మన మేలు కోరి చెప్పేవాళ్ళ మాట వినాలి.