మొగకు అడ్డం కట్టిన దడి

అనగనగా ఒక కొలను. రాజు లేని కథేమిటని మూతి ముడవకండి. రాజుగారికన్నా మొండివాడు ఒకడు ఇందులో ఉన్నాడు, కాసేపట్లో వస్తాడు.

ఆ కొలను పేరు రెల్లుకొలను. ఉత్తరం నుంచి చిన్నేరు వచ్చి అందులో కలిసేది. ఏరూ కొలనూ కలిసే ఆ చోటును జనం మొగ అనేవారు. ఒడ్డున నలభై గడపల బెస్తపల్లె. ఆ నలభై ఇళ్లకూ కొలనులో చేపే ఆధారం.

పల్లెకు పెద్ద గంటయ్య. మంచివాడే, కానీ చేతికి అందేది జారిపోతుందంటే అతనికి ఒళ్లు మండేది. ఒక తొలకరినాడు ఏట్లోంచి ఎర్రనీరు దిగింది. గంటయ్య మొగ దగ్గర నిలబడి చూస్తూ ఉండగానే, కొలనులోని చేపలు గుంపులు గుంపులుగా ఏటికి ఎదురీదుతూ పైకి పోసాగాయి.

"చూశారా!" అని గంటయ్య గుండె బాదుకున్నాడు. "ఏడాది పొడుగునా మన కొలనులో మేసి, ఇప్పుడు పైఊరి వాళ్ల వలల్లో పడబోతున్నాయి. మేపడం మనమూ, తినడం వాళ్లూనా?"

ఆ మాట పల్లెకంతటికీ నచ్చింది. పైఊరి వాళ్లు తింటున్నారంటే ఎవరు మాత్రం ఓర్చుకుంటారు? మూడు రోజుల్లో వెదురు బద్దలతో దడి అల్లి, మొగకు అడ్డంగా పాతేశారు. నీరు పోవలసిందే తప్ప చేపపిల్ల కూడా దూరనంత దగ్గర అల్లిక. మొగ ఒడ్డున గుడిసె వేసుకుని, చిన్న పడవ మీద తన తిండి తాను తెచ్చుకునే నాంచారి అనే ముసలమ్మను కాపలా ఉండమన్నారు. దడి కదిపినవారి పడవను ఏడాదిపాటు ఒడ్డున బోర్లించాలని కట్టుబాటు పెట్టారు. పడవ బోర్లిస్తే వారికి వేటా లేదు, వాటా లేదు.

వారం తిరక్కుండా ఒక శీలావతి చేప వచ్చి దడికి మూతి ఆనించింది.

"అవ్వా, కడుపు నిండా గుడ్లున్నాయి. నిలవ నీట్లో పెడితే అవి బతకవు. వాటికి పారే నీరు కావాలి. నాకు దారి ఇవ్వవూ?"

నాంచారికి జాలేసింది. వెళ్లి గంటయ్యకు చెప్పింది. అతను పకపకా నవ్వాడు. "ఎక్కడ పెడితే ఏంటత్తా, గుడ్డు గుడ్డే కదా!" అన్నాడు. దడి వెనక కిక్కిరిసిన చేపలను పల్లెవాళ్లు బుట్టలతో ఎత్తుకున్నారు. ఆ వారమంతా గంటయ్య చెయ్యి మీసం మీదనుంచి దిగలేదు.

వానలు తగ్గాయి. ఈసారి పిలుపు దడికి అవతలి నుంచి, ఏటి వైపు నుంచి వచ్చింది. దడి వేయకముందే పైకి వెళ్లిన చేపల పిల్లలవి. ఒక్కొక్కటీ వేలెడంతైనా లేదు.

"అవ్వా, ఏట్లో మాకు తిండి చాలడం లేదు. కొలనులో నాచు ఉంటుంది, తామరాకుల నీడ ఉంటుంది. అక్కడే మేం పెరగాలి. లోపలికి రానివ్వు."

"లోపలికి వచ్చేవాటి కోసం దడి తీస్తే, బయటికి పోయేవి ఊరుకుంటాయా?" అన్నాడు గంటయ్య. పిల్లలు రెండు రోజులు దడి వెంబడే తిరిగాయి. మూడో రోజు కొంగలు చూశాయి. నాంచారి ఆ పూట అన్నం తినలేకపోయింది.

ఎండలు ముదిరాయి. కొలను మోకాలి లోతుకు దిగి, నీరు వేడెక్కింది. పెద్ద బొచ్చె చేప ఒకటి రొప్పుతూ దడి దగ్గరకు వచ్చింది.

"అవ్వా, మొగ అవతల ఏటి మలుపులో లోతు మడుగు ఉంది. ఏటా ఎండాకాలం మేం అక్కడే తలదాచుకుంటాం. ఇప్పుడు పోనివ్వకపోతే వచ్చే తొలకరికి మాలో ఒక్కరం మిగలం."

నాంచారి వెనక్కి తిరిగి చూసింది. ఒడ్డు పొడవునా చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి. ఇక ఆమె గంటయ్యను అడగలేదు. కొంగు నడుముకు బిగించి, మిట్టమధ్యాహ్నం పదిమందీ చూస్తుండగా నీళ్లలో దిగి దడి పీకేసింది. గుంజలు మాత్రం ఆమె బలానికి కదల్లేదు. చేపలు బిలబిలమంటూ వాటి మధ్యనుంచి మొగ దాటిపోయాయి.

గంటయ్య పరుగున వచ్చాడు. "ఎవరు తీశారు?"

"నేనే తీశాను, నాయనా."

"పల్లె నోట్లో మట్టి కొట్టావు కదత్తా!"

"ఇక్కడుంటే అవి ఎలాగూ చచ్చేవే. నా పడవ బోర్లించు, కాదనను. చలి మొదలయ్యేలోగా చేపలు తిరిగి రాకపోతే నేనే ఊరు విడిచిపోతాను."

పడవ బోర్లించారు. ఆ వేసవంతా పల్లె గంజి తాగి గడిపింది. అందరి కోపమూ నాంచారి మీదే. ఆమె గుమ్మంలో కూర్చుని పాత వలలు బాగుచేసుకునేది. భయం లేదా అంటే, ఉంది. డెబ్బై ఏళ్ల వయసులో కొత్త ఊరు వెతుక్కోవడమంటే మాటలా!

తొలకరి వచ్చింది, ఎర్రనీరు దిగింది. మడుగులోని చేపలు కొలను వైపు కన్నెత్తి చూడకుండా ఏటికి ఎదురీదాయి. పైఊరి వాళ్లు కొన్నింటిని పట్టుకున్నారు కూడా, లేదని అబద్ధం చెప్పను. శ్రావణం పోయింది. భాద్రపదం పోయింది. నాంచారి బట్టలు మూట కట్టుకుంది.

ఆశ్వయుజంలో ఒక ఉదయం గంటయ్య మొగలో దిగి కాళ్లు కడుక్కుంటున్నాడు. పిక్కలకు చక్కిలిగిలి పెట్టినట్టయింది. వంగి చూస్తే చేపపిల్లలు! నీళ్లు నల్లబడేటన్ని చేపపిల్లలు, అతని కాళ్ల సందుల్లోంచే దారి చేసుకుని కొలనులోకి పోతున్నాయి. వాటి వెనక పెద్ద చేపలు తీరుబడిగా వస్తున్నాయి. వాటిలో ఆ బొచ్చె కూడా ఉంది.

"మమ్మల్ని వదిలి పోయారనుకున్నానే!" అన్నాడు గంటయ్య.

బొచ్చె తల పైకెత్తింది. "గంటయ్యా, నువ్వు వంటింట్లో తిని, ఎండగా ఉందని పంచలో నడుం వాలిస్తే ఇల్లు విడిచి పోయినట్టా? కొలను మా వంటిల్లు. మడుగు మా పంచ. ఏరు మా పురిటిగది. ఈ మొగ మా గుమ్మం. నువ్వు గుమ్మం మూసేసి, ఇల్లు కాపాడానని మురిసిపోయావు."

గంటయ్యకు తల కొట్టేసినట్టయింది. తిన్నగా నాంచారి గుడిసెకు నడిచాడు. పల్లె అంతా వింటుండగా, "తప్పు నాది. నువ్వెక్కడికీ పోవద్దత్తా," అని ఆమె మూట తన చేతులతోనే విప్పాడు. తర్వాత మళ్లీ మొగకు వెళ్లి, దడి కోసం పాతిన గుంజలను ఒక్కొక్కటిగా పెకలించాడు. అరచేతులు బొబ్బలెక్కినా ఆఖరి గుంజ ఊడి వచ్చేదాకా ఒడ్డెక్కలేదు.

తిరిగి రావలసినదానికి ముందు పోయే దారి ఉండాలి. దారి మూసి అంతా దాచుకోవాలనుకున్నవాడికి చివరకు ఏమీ దక్కదు.