గొంతులమారీ, తీతువు గవరమ్మా

బొగ్గులకోనలో ఎండలు ముదిరితే వాగులన్నీ ఇంకిపోయి ఒక్క దుంపలమడుగు మిగులుతుంది. దుప్పికైనా దున్నకైనా ఆ నీళ్ళే దిక్కు. మడుగు ఒడ్డున నడిమధ్య జమ్ము దుబ్బులు. వాటికి ఎడమ పక్క గులకరాళ్ళ మేట, కుడి పక్క పది కళ్ళాలంత నల్లబండ. ఆ గులకరాళ్ళ మధ్య తీతువు గవరమ్మ నాలుగు గుడ్లు పెట్టింది. గూడూ లేదు, గడ్డిపరకా లేదు. రాళ్ళలో రాళ్ళలా మచ్చమచ్చల గుడ్లు. పక్కనే నిలబడ్డా కంటికి ఆనవు.

తీతువు అరిస్తే కీడు అని మనుషులు తిట్టుకుంటారు. పాపం, ఆ పిట్ట కీడును పిలవదు. చూసింది చెబుతుంది, అంతే. చెప్పినవాళ్ళనే తిట్టడం మనకు అలవాటు.

తీతువుల కాపురంలో రెండు కట్టుబాట్లున్నాయి. మిట్టమధ్యాహ్నం ఒకరు రెక్కలు చాచి గుడ్లకు నీడ పట్టాలి, రెండోవారు మడుగులో పొట్ట ఈకలు తడుపుకొచ్చి ఆ తడి గుడ్లకు అద్దాలి. అద్దకపోతే రాళ్ళ వేడికి గుడ్లు ఉడికిపోతాయి. ఇక రెండోది, ఆకాశంలో ఎంత గోల చేసినా సరే, గుడ్ల దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం నోరు విప్పకూడదు. దూరంగా దిగి, మూడుచోట్ల ఆగి, పురుగులు ఏరుకుంటున్నట్టు నటిస్తూ, చప్పుడు లేకుండా నడిచి రావాలి. గవరమ్మ మొగుడు సింహాద్రి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్కసారి కూడా ఈ కట్టు తప్పలేదు.

ఆ ఏడు కొండ అడుగున నేల నెర్రె విచ్చింది. అందులోంచి ఒక పాము వచ్చింది. దాన్ని పాము అనడానికి నోరు రాదు గానీ వేరే మాట లేదు. తాటిమానంత ఒళ్ళు, చేటంత తల, తల మీద నల్లగా వేలాడే జుట్టు, రెప్పల్లేని తెల్లటి కళ్ళు. అది పాకిన చోట గడ్డి మాడిపోయేది. ఊపిరి తగిలితే చెట్టు మీది ఆకు ముడుచుకుపోయేది. అది వచ్చి మడుగులో దిగింది.

మర్నాడు పొద్దున్నే లచ్చి అనే దుప్పి నీళ్ళకు వచ్చింది. పైనుంచి గవరమ్మ గొంతు చించుకుని అరిచింది. లచ్చి తల ఎత్తేలోపే నీళ్ళు ఎగిసిపడ్డాయి. లచ్చి లేదు. అంతవరకైతే అడవిలో జరిగేదే అనుకోవచ్చు. తర్వాత జరిగిందే గవరమ్మ మరిచిపోలేకపోయింది. ఆ పాము నోరు తెరిచింది. లోపల్నుంచి లచ్చి గొంతు వచ్చింది.

"రాయే బుజ్జీ, నీళ్ళు సల్లగున్నాయి. అమ్మ ఇక్కడే ఉన్నాది."

పొదలోంచి దుప్పి పిల్ల గంతులేస్తూ వచ్చింది.

"ఒద్దే తల్లీ! అది మీ అమ్మ కాదు!" అని గవరమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది. అమ్మ పిలుస్తుంటే ఏ పిల్ల తీతువు మాట వింటుంది? వినలేదు.

ఆ రోజునే దానికి గొంతులమారి అని పేరు పడింది. ఎవర్ని మింగితే వాళ్ళ గొంతు దానిదైపోతుంది. మూడు రోజుల్లో అడవిపంది గొంతు, దున్న గొంతు, నెమలి గొంతు అన్నీ మడుగులోంచే వినిపించాయి. చచ్చిపోయిన చుట్టాలు పేరు పెట్టి పిలుస్తుంటే బతికున్నవాళ్ళు చెవులు మూసుకుని రెండు కొండల అవతలి చెలమకు పారిపోయారు. కోన ఖాళీ అయింది.

నక్క బంగారయ్య మాత్రం మిగిలాడు. తోక ఊపుకుంటూ గవరమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఏటి మరదలా, అందరూ ఎల్లిపోతంటే నువ్విక్కడేటి సేత్తన్నావు?"

"గుడ్లు మూటగట్టుకుని ఎల్లడానికి నాకు సంచీ ఎక్కడిది బావా? ఇంకో మూడు రోజులాగితే పిల్లలు లేత్తాయి. మరి నువ్వో?"

"నానెందుకెల్తాను? దాంతో మాటాడతాను. పెద్దోళ్ళతో ఎలా మాటాడాలో మీకెవరికీ తెల్దు. కోనలో ఎవరెక్కడ దాక్కున్నారో నాకు తెలుసు కదా. ఆ సంగతులు ఒక్కోటీ సెప్తంటే నన్నెందుకు తింటాది? మంత్రిని సేసుకుంటాది."

"దానికి సంగతులతో పని లేదు బావా. గొంతులే కావాలి."

"పిట్ట బుర్రలు పిట్ట బుర్రలే," అని బంగారయ్య నవ్వి మీసాలు దువ్వుకుంటూ వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న మడుగులోంచి అచ్చం ఆ నవ్వే వినిపించింది. "మరదలా! మాటాడేసినాను! ఇంక భయం లేదు, మడుగుకాడికి రా!" అదే తీపి, అదే దీర్ఘం. గవరమ్మ, సింహాద్రి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరిగింది. గవరమ్మ రెక్కలు చాచి నిలబడింది గానీ రాళ్ళ వేడి కింద నుంచి కొడుతోంది. గుడ్లు తడవకుండా సాయంత్రం దాకా ఆగవు. చెలమ నుంచి తెద్దామంటే దారిలోనే పొట్ట ఆరిపోతుంది.

"నానెల్తాను మావా. నువ్వు నీడ పట్టు," అంది గవరమ్మ మెల్లిగా.

"నీ పొట్టెంత, అందులో పట్టే నీళ్ళెంత?" అన్నాడు సింహాద్రి. "నా బొజ్జ పెద్దదని రోజూ ఎక్కిరిస్తావు కదా. ఈవేళ అది పనికొత్తాది. అలా ఎల్లి ఇలా వచ్చేత్తాను."

గులకరాళ్ళ మీద చప్పుడు లేకుండా నడిచి, దూరం పోయాక ఎగిరాడు. మడుగు అంచున ఎక్కడ లోతు తక్కువో చూసి అక్కడే దిగాడు.

గవరమ్మకు ఒకే ఒక్క చప్పుడు వినిపించింది, నీళ్ళు ఎగిసిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అనుకుంటూ దూరంగా దిగే కాళ్ళ కోసం చూసింది. మొదటి ఆగే చోటు ఖాళీగానే ఉంది.

అప్పుడు జమ్ములోంచి పిలుపు వచ్చింది.

"గవరమ్మా! ఓ గవరమ్మా! దారి తప్పినానే. గుడ్లు ఎక్కడున్నాయో ఓసారి కేకెయ్యి!"

సింహాద్రి గొంతే. కొంచెం బొంగురు, చివర్లో చిన్న విరుపు. గవరమ్మ "ఇక్కడ మావా" అనబోయి ముక్కు తెరిచింది. తెరిచిన ముక్కు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో సింహాద్రి గుడ్ల దగ్గరికి పిలుస్తూ రాలేదు. రాడు. పిలిచాడంటే పిలిచింది సింహాద్రి కాదు.

ఆమెకు ఏడవాలనిపించింది. ఏడిస్తే చోటు తెలిసిపోతుంది. ముక్కు గట్టిగా మూసుకుంది.

జమ్ము రెండుగా చీలింది. చేటంత తల బయటికి వచ్చి అటూ ఇటూ ఊగింది. ఒక్కో గొంతూ మార్చి మార్చి పిలుస్తోంది. లచ్చిలా లాలించింది, బంగారయ్యలా నవ్వింది, మళ్ళీ సింహాద్రిలా బతిమాలింది. ఊగుతూ ఊగుతూ తల గులకరాళ్ళ వైపు తిరిగింది. ఇంకో నాలుగు బారలు పాకితే గుడ్ల మీదే ఉంటుంది.

పొంచి ఉండి లాభం లేదని గవరమ్మకు తెలిసిపోయింది. శత్రువు మరీ మీదికొస్తే తీతువు చేసే పని ఒకటుంది. రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ, కుంటుతూ, గుడ్లు లేని వైపు పోతుంది. సులువుగా దొరికే తిండి అనుకుని శత్రువు వెంటపడుతుంది. ఈ పని వాళ్ళమ్మ నేర్పింది. కానీ ఎటు పోవాలి? పొదల్లోకి పోతే తిరిగొస్తుంది. నీళ్ళ వైపు పోతే అది దాని ఇల్లు. గవరమ్మ తన గుడ్ల కింది రాళ్ళను చూసింది. కాళ్ళు చుర్రుమంటున్నాయి. ఆ తర్వాత నల్లబండ వైపు చూసింది.

గుడ్లను ఎండకు వదిలి పరుగెత్తింది. జమ్ము వెనక నుంచి చుట్టి కుడి పక్కకు పోయి, అప్పుడు గొంతెత్తి కూలబడింది.

"అమ్మా! నా రెక్క! నా రెక్క!"

గొంతులమారి తల గిర్రున తిరిగింది. తెల్ల కళ్ళు ఆమె మీద నిలిచాయి. అది అంత వేగంగా పాకుతుందని ఆమె అనుకోలేదు.

గవరమ్మ బండ అంచు ఎక్కింది. కుంటింది. పడింది. లేచింది. మరీ దూరం పోతే అది ఆశ వదులుకుంటుంది. మరీ దగ్గరైతే తాను మిగలదు. ఒకసారి దాని ఊపిరి తగిలి తోక ఈకలు కమిలి రాలిపోయాయి. ఇంకోసారి దాని తల నీడ ఆమె మీద పడింది. ఆ ఎండలో కూడా ఒళ్ళు చల్లబడింది.

"ఎందుకే పరిగెడతావు?" అంది గొంతులమారి సింహాద్రి గొంతుతో. "నానే కదా. ఇక్కడంతా సీకటిగా ఉన్నాదే. నన్నొగ్గేసి ఎల్లిపోతావా?"

గవరమ్మ కాలు నిజంగానే తడబడింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, వెనక్కి తిరిగి ఆ నోట్లోకి చూడాలనిపించింది. లోపల ఎక్కడో ఉన్నాడేమో. అయినా ముందుకే కుంటింది.

గొంతులమారి అప్పుడే నీళ్ళలోంచి వచ్చింది. పొట్ట తడిగా ఉంది కాబట్టి మొదట దానికేమీ తెలియలేదు. అది కొండ లోపలి చీకట్లో పుట్టిన పాము. పొద్దున్నా సాయంత్రం తప్ప బయటికి రాలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ నల్లబండను ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేదు. అది మింగినవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళను అడగడానికి వాళ్ళు లేరు, గొంతులే ఉన్నాయి.

బండ నడిమధ్యకు వచ్చేసరికి పొట్ట తడి ఆరింది. అది ఆగింది. తల పైకెత్తింది. కింద ఒళ్ళంతా పెనం మీద పెట్టినట్టు చుర్రుమంది. వెనక్కి తిరగబోయింది. మడుగు ఎంత దూరమో అవతలి చెట్టునీడా అంతే దూరం. గవరమ్మ విరిగిన రెక్క విదిలించుకుని తేలిగ్గా గాల్లోకి లేచింది.

గొంతులమారి అది చూసింది. మోసపోయానని అప్పుడు తెలిసింది.

బండ మీద మెలికలు తిరిగింది. తోక కొట్టిన చోట రాతి పెచ్చులు లేచాయి. నోట్లోంచి గొంతులన్నీ ఒకేసారి బయటపడ్డాయి. అడవిపంది అరుపు, నెమలి కూత, దున్న రంకె. "బుజ్జీ, బుజ్జీ" అని లచ్చి. "మాటాడుకుందాం, మాటాడుకుందాం" అని బంగారయ్య. రెండు కొండల అవతల చెలమ దగ్గర జంతువులు ఆ గోల విని ఒకదాని వెనక ఒకటి నక్కాయి. ఒక్కో గొంతే ఆరిపోయింది. అన్నిటికంటే చివర సింహాద్రి గొంతు, "గవరమ్మా" అని ఒక్కసారి. తర్వాత అదీ లేదు.

ఇక దాని సొంత గొంతు రావాలి కదా. రాలేదు. దానికి సొంత గొంతంటూ లేదు. నోరు తెరిచి, చప్పుడు లేకుండా, బండకు అంటుకుని చచ్చింది.

గవరమ్మ అటు చూస్తూ నిలబడలేదు. గుడ్లు ఎండలో ఉన్నాయి. మడుగు అంచున, ఎక్కడైతే సింహాద్రి దిగాడో అక్కడే దిగి పొట్ట ముంచింది. శత్రువు చచ్చింది, కోనలో పురుగు కూడా లేదు. అయినా దూరంగా దిగి, మూడుచోట్ల ఆగి, నోరు విప్పకుండా నడిచి వెళ్ళి గుడ్ల మీద కూర్చుంది. అప్పుడు ఏడ్చింది. అదీ చప్పుడు లేకుండానే.

రెండు రోజులకు మూడు గుడ్లు చిట్లి మూడు పిల్లలు లేచాయి. నాలుగోది లేవలేదు. ఆ ఎండ దాన్ని తినేసింది. కోనవాళ్ళంతా తిరిగొచ్చి, బండ మీది ఎముకలు చూసి, తీతువును పొగిడారు. పొగిడినవాళ్ళే వారం తిరక్కుండా "పొద్దున్నే దీని గోలేటి" అని విసుక్కున్నారు. గవరమ్మ పట్టించుకోలేదు.

ఒకరోజు పెద్దపిల్ల అడిగింది.

"అమ్మా, అయ్య గొంతు ఎలాగుండేది?"

గవరమ్మ మడుగు వైపు చూసింది.

"ఇంటికొచ్చేటప్పుడు వినబడేది కాదే," అంది.

నీతి: పక్కవాడి గొంతు దొంగిలించినవాడికి అతను ఇంటికి నడిచొచ్చే తీరు తెలియదు, అక్కడే దొరికిపోతాడు.