పాత గూడు ఉన్నచోట

నల్లగట్టు మఠంలో కోటిలింగం తాతను ఎవరేం అడిగినా జవాబు చెప్పేవాడు కాదు, పని చెప్పేవాడు. ఆత్మ అంటే ఏమిటని అడిగిన పంతులుగారి చేత బావిలో పూడిక తీయించాడు. కోపాన్ని గెలవడం ఎలా అని అడిగిన షావుకారు చిక్కుపడ్డ నులక విప్పుతూ రోజులకు రోజులు అరుగు మీద కూర్చున్నాడు. జ్ఞానం కోసం వస్తే చాకిరీ తగులుకుందని గొణుక్కుంటూ గట్టు దిగినవాళ్ళు చాలామందే. దిగినవాళ్ళలో సగంమంది మళ్ళీ ఎక్కేవాళ్ళు. ఎందుకొచ్చారని తాత అడిగేవాడు కాదు, వాళ్ళూ చెప్పేవాళ్ళు కాదు.

అలా మళ్ళీ మళ్ళీ వచ్చే శిష్యుల్లో కమలాక్షి ఒకతె. వడ్రంగి నాగభూషణాచారికి కొడుకులు లేరు. అందుకని ఉలి, బాడిస కూతురి చేతికే ఇచ్చాడు. ఆమె చిత్రిక పట్టిన చెక్క మీద వేలు జారిపోయేదని ఆ చుట్టుపక్కల మగ వడ్రంగులే ఒప్పుకునేవాళ్ళు, కొంచెం మొహం ముడుచుకునైనా సరే. సుబ్బాచారికి ఆమె రెండో భార్య. మొదటి భార్య రాజ్యం విషజ్వరంతో పోయేనాటికి వైదేహి అని ఒక కూతురు ఉంది. ఆ పిల్లకు తల్లి కావాలనే కమలాక్షి ఆ సంబంధానికి ఒప్పుకుంది. ఇది ఆమె ఎవరితోనూ అనలేదు గానీ నిజం.

కార్తీకం వెళ్ళిపోతున్న రోజుల్లో ఒక ఉదయం ఆమె గట్టెక్కి వచ్చి తాత ముందు కూర్చుంది.

"పిల్ల వెళ్ళిపోయింది తాతా. వాళ్ళ అమ్మమ్మ చూసిపోదామని వస్తే, ఆమె కొంగు పట్టుకుని నేనూ వస్తానని ఏడ్చింది. ఆ ఇంట్లో ఏముందని? కారే కప్పు, చిరిగిన చాప. నేను దానికోసం నా చేత్తో టేకు మంచం చేశా, తలాపున హంసలు చెక్కి. దూదిపరుపు కుట్టించా. ఒక్కనాడు చెయ్యెత్తలేదు, ఒక్క మాట తూలలేదు. నేనేం తక్కువ చేశా?"

ఊరివాళ్ళు ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పేశారు. సవతి తల్లి కదా, అన్నారు. లోకానికి తీర్పు చెప్పడానికి సాక్షులు అక్కర్లేదు. కమలాక్షి సవతి తల్లిలా ఉండలేదు కాబట్టే ఆ మాట ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. పిల్ల మళ్ళీ వస్తుందా రాదా అన్నది ఒక బాధ. ఎందుకు పోయిందో తెలియకపోవడం అంతకు మించిన బాధ.

తాత కాసేపు ఆమె చేతుల వైపు చూశాడు. "పెరట్లో కోళ్ళ గూడు బాగాలేదు. మంచిది కట్టి పెడతావా తల్లీ?" అన్నాడు.

మఠంలో కోళ్ళేమిటని అడిగేవాళ్ళు ఉంటారు. గట్టు మీద అమ్మవారికి మొక్కుకుని జనం కోళ్ళను తెచ్చేవాళ్ళు. తాత కొయ్యనిచ్చేవాడు కాదు. తిరిగి ఇంటికి తీసుకుపోతే మొక్కు తప్పుతుందని వాళ్ళ భయం. దాంతో కోళ్ళను మఠంలోనే వదిలేసి చేతులు దులుపుకునేవాళ్ళు. అలా చావు తప్పిన కోళ్ళన్నీ పెరట్లో పెరిగాయి. వాటి గుడ్లు కింద ఊళ్ళో బాలింతలకు చేరేవి. మఠం ఊడ్చే ఓబులమ్మ వాటిని కనిపెట్టుకుని ఉండేది.

వాటి గూడు గూడనడానికి లేదు. వెనక గోడకు ఆనించి మట్టి, రాళ్ళు పేర్చిన గుట్ట. పైన పగిలిన కాగు పెంకు ఒకటి బోర్లించి ఉంది. చెయ్యి పెడితే కోడిపేలు మోచేతిదాకా పాకేవి. వాన పడితే పెరట్లోని నీళ్ళన్నీ అందులోకే. ఒక ఏడు పాము దూరి పొదిగే గుడ్లను మింగిపోయింది కూడా.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కోళ్ళ గూడు మాట ఎత్తలేదు. కమలాక్షి మాత్రం ఆ గూటిని ఇంటికి తక్కువగా కట్టలేదు. పెరటికి అవతలి కొసన మెరక చూసి నాలుగు తుమ్మ గుంజలు పాతింది. వాటి మీద నడుమెత్తున అడుగు వేసింది, రెట్ట కిందికి రాలిపోయేలా బద్దల మధ్య సందులు వదిలి. గాలి ఆడేందుకు పక్కల పైభాగాన ఇనుప జాలీ వేసింది. పొద్దుటి ఎండ లోపల పడేట్టు తూర్పుకు కిటికీ పెట్టి, జల్లు కొట్టే వైపు చెక్కతో మూసింది. కోళ్ళు వాలడానికి గుండ్రంగా చిత్రిక పట్టిన కర్రలు, గుడ్లు పెట్టడానికి వరిగడ్డి పరిచిన పెట్టెలు, ఎక్కడానికి వాలుగా ఒక మెట్ల పలక, ముంగిస పంజాకు కదలని గడియ అమర్చింది. పైన పెంకులు కప్పి, మూలల్లో వేపమండలు దోపింది. చూసినవాళ్ళు, ఇందులో మనమే కాపురముండొచ్చు అన్నారు.

అన్నీ అయ్యాక ఆమె గడ్డపార తీసుకుని పాత గూటిని పడగొట్టింది. కోళ్ళు అప్పుడు గట్టు వారన మేతకు పోయి ఉన్నాయి.

"అదెందుకమ్మా ఇప్పుడు తియ్యడం?" అంది ఓబులమ్మ.

"పాతది కంటిముందుంటే కొత్తదాంట్లోకి ఎట్టా పోతాయి?" అంది కమలాక్షి. రాళ్ళు ఏరి, మట్టి చదును చేసి, సున్నం చల్లి, కళ్ళాపి కూడా చల్లింది. ఏ పని చేసినా ఆమెది శుభ్రమైన చెయ్యి.

పొద్దు వాలాక కోళ్ళు వచ్చాయి. మెట్ల పలక మీద చల్లిన నూకలను ఒక్కటి మిగల్చకుండా తిన్నాయి. తిని, కొత్త గూటి కిందుగా నడిచి, పెరడంతా దాటి, పాత గూడు ఉండిన గోడ దగ్గరికి పోయాయి. అక్కడ ఆగి మెడలు అటూ ఇటూ తిప్పాయి. ముసలి పెట్ట ముందుగా మూలకు పోయి కూర్చుంది. దాని పక్కన ఎర్ర పెట్ట, ఆ పక్కన పుంజు, తర్వాత పడుచు పెట్టలు. రోజూ ఏ వరసలో పడుకునేవో ఆ వరసలోనే, లేని గూట్లో సర్దుకుని కూర్చున్నాయి.

మొదటిరోజు ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వుకున్నారు. ఒక్కొక్కదాన్నీ పట్టి, అవి గీపెడుతుంటే గూట్లో పెట్టి గడియ వేశారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, ఈ కోళ్ళు మొండివాడికి పాఠం చెప్పేట్టున్నాయి. కమలాక్షికి నవ్వు పోయి ఉక్రోషం వచ్చింది. చేతుల నిండా గోటి గీతలతో తాత దగ్గరికి పోయింది.

"పాడు కోళ్ళు తాతా. అంత మంచి గూడు వదిలిపెట్టి వట్టి నేల మీదికి పోతన్నాయి."

"పాతది ఏమైంది?"

"పడగొట్టా. మీరే గదా కట్టమంది!"

"కట్టమన్నా" అన్నాడు తాత, చింతపండులో గింజలు తీస్తూనే.

ఆమెకు ఆ మాట నచ్చలేదు. మాట మార్చకుండానే తప్పించుకున్నాడనిపించింది.

ఒకనాడు ముసురు పట్టింది. ఓబులమ్మ రాలేదు. కమలాక్షి ఒక్కతే తడుస్తూ కోళ్ళను పట్టింది. ఎర్ర పెట్ట చేతిలోంచి జారి కట్టెల మోపు వెనక్కి పోయింది. ఆమె విసుగ్గా రెండుసార్లు అదిలించి, ఒక రాత్రి తడిస్తే దానికే తెలిసొస్తుందిలే అనుకుని ఇంటికి పోయింది.

తెల్లవారి వచ్చేసరికి గోడ మూల నిండా ఎర్ర ఈకలు. అడవిపిల్లి పని. తడి మట్టి మీద దాని అడుగులు కొత్త గూటి చుట్టూ కూడా ఉన్నాయి. ఎక్కడా సందు దొరక్క వెనక్కి తిరిగినట్టు తెలుస్తూనే ఉంది. గడియ కదల్లేదు. లోపల కోళ్ళన్నీ క్షేమంగా ఉన్నాయి. గూడు కట్టడంలో ఆమె చేతికి ఏ వంకా పెట్టడానికి లేదు.

"ఇంత చేసిపెడితే, చావడానికి ఆ మట్టి మీదికే పోవాల్నా?" అని గట్టిగా అరిచింది. వినడానికి అక్కడెవరూ లేరు. ఆ అరుపులో కోపం సగమే. విసుక్కోకుండా ఇంకొక్కసారి మోపు వెనక చూసి ఉంటే అది బతికి ఉండేది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఈకలన్నీ ఏరి పాతిపెట్టింది.

ఆ సాయంత్రం గంప పట్టుకుని ముందే వచ్చి నిలబడింది. తోటిది చచ్చిన చోటు కదా, ఇవాళైనా అటు పోవు అనుకుంది. మిగిలిన కోళ్ళు వచ్చాయి. నెత్తురు ఇంకిన ఆ మట్టి మీదనే, ముసలి పెట్ట పక్కన ఎర్ర పెట్ట చోటు ఖాళీగా వదిలి, కూర్చున్నాయి.

కమలాక్షి చేతిలో గంప అలాగే ఉండిపోయింది.

వైదేహి రాత్రిళ్ళు టేకు మంచం దిగిపోయేది. పడమటి గది గోడవారన, వట్టి నేల మీద ముడుచుకుని పడుకునేది. అక్కడ ఒకప్పుడు రాజ్యం నులక మంచం ఉండేది. తల్లీ కూతుళ్ళు దాని మీదే పడుకునేవాళ్ళు. కమలాక్షి కాపురానికి వచ్చిన వారంలోనే ఆ మంచాన్ని, రాజ్యం చీరలను ఎవరికో ఇచ్చేసింది. పాతవి కళ్ళబడుతుంటే పిల్ల కుదురుకోదని తనకు తనే చెప్పుకుంది. ఆ గోడకు రాజ్యం తల ఆనీ ఆనీ పడిన నూనె మరక ఉంటే దాని మీద సున్నం కొట్టింది. రోజూ నిద్రలో ఉన్న పిల్లను ఎత్తి మంచం మీద వేసేది. తెల్లారేసరికి పిల్ల మళ్ళీ నేల మీదే. నేల చల్లదనానికి జబ్బు చేస్తుందే అని మెత్తగానే మందలించేది. ఒకరోజు పిల్ల గోడను చేత్తో తడుముతూ, "పిన్నీ, ఇక్కడుండే మరకేదీ?" అని అడిగింది.

"సున్నం కొట్టేశాగా! ఎంత శుభ్రంగా ఉందో చూడు" అని చెప్పింది తను, సంబరంగా.

పిల్ల మళ్ళీ ఏమీ అడగలేదు. ఇదంతా తాతకు ఆమె చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పాల్సిన సంగతని అప్పుడు తోచలేదు.

ఆమె గంప కింద పెట్టి కొంగుతో మొహం కప్పుకుంది. చాలాసేపు ఏడ్చింది. చచ్చిన కోడి కోసం కొంత, పిల్ల కోసం కొంత, ఎన్నడూ చూడని రాజ్యం కోసం కూడా కొంత. ఎప్పుడొచ్చాడో, తాత కర్ర ఊతతో గోడ దగ్గర నిలబడి ఉన్నాడు.

"తాతా, ఆ పాత గూడు మళ్ళీ కట్టేదా? రాళ్ళు అక్కడే ఉన్నాయి. మట్టి కూడా అదే."

తాత తల అడ్డంగా ఊపాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని గంప అందుకుంది. మామూలుగా ముసలి పెట్టను ముందు పట్టాలి. వంగి దాని మీదికి చెయ్యి చాచింది.

"ఇప్పుడే లేపబాక తల్లీ" అన్నాడు తాత. "గూట్లోకి ఎత్తుకపోయేది ఎట్టాగూ ఉంది. కాసేపు నువ్వు కూడా ఆడ కూకో."