చిల్లు మింగిన అక్షరం

గురుపూర్ణిమ దగ్గర పడుతోంది, మఠంలో అచ్చు పని చూసే ఓంకారయ్యకు నిద్ర పట్టడం లేదు. కారణం చిల్లులు.

నాగలింగస్వామి బోధను ఏటా ఒక్క కాగితం మీద అచ్చువేసి శాఖల పెద్దలకు పంచడం ఆ మఠం ఆనవాయితీ. వాళ్లు దాన్ని తమ తమ ఫైళ్లలో దాచుకుంటారు. కర్నూలు వాళ్లు పై మూల ఒక్క చిల్లు పొడిచి ట్యాగు కడతారు. జర్మనీ శాఖ ఫైలుకు పక్కన రెండు చిల్లులుండాలి. అమెరికా వాళ్లకు మూడు, స్వీడన్ వాళ్లకు నాలుగు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

అక్కడితో పోయేది. కానీ చిల్లులు కూడా తనే పొడిచే కొత్త ప్రింటరు ఒకటి మఠానికి వచ్చింది. ఇక మీదట అందరికీ ఒకే లెక్క ఉండాలన్నారు. ఎవరి లెక్క అన్న దగ్గర తగవు మొదలైంది. పండుగకు వచ్చిన పెద్దలు పంక్తి భోజనాల్లో కూడా ఎడమొహం పెడమొహంగా కూర్చుంటున్నారు.

ఓంకారయ్య స్వామి దగ్గరికి వెళ్లాడు. ఈ తగవు తాను తీరుస్తానన్నాడు. తీరిస్తే అన్ని శాఖల మీదా తనను పెద్దగా ప్రకటించమని అడిగాడు. ఆ పీట మీద అతనికి ఎప్పటినుంచో కన్నుంది. స్వామి కానిమ్మన్నాడు.

అతని ఉపాయం తేలికైనదే. అందరి చిల్లులూ పొడిచేశాడు. ప్రింటరు మొరాయిస్తే బతిమాలి, కాగితాల్ని మళ్లీ మళ్లీ తోసి మరీ పొడిపించాడు. పెద్దల చూపు ఆనదని అక్షరాలు లావు చేశాడు, దాంతో అంచు మిగల్లేదు. కాగితం జల్లెడలా తయారైంది. అతనికి మాత్రం అది ముద్దుగానే కనిపించింది.

సభలో స్వామి ఆ కాగితం అందుకుని, కళ్లజోడు సర్దుకుని, ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"హింస పరమ ధర్మం. సత్యం ఆడరాదు. న్యాయం చేయకు. శాంతి వద్దు."

పెద్దలు భక్తిగా తలలూపారు. ఈసారి బోధ ఆచరణకు సులువుగా ఉందని స్వీడన్ శాఖాయన పక్కవాళ్లతో అన్నాడు. చివరి వాక్యం, "హంకారం విడువు" అన్నది మాత్రం ఎవరికీ బోధపడలేదు.

ఓంకారయ్య గబగబా స్వామి దగ్గరికి వచ్చాడు.

"స్వామీ, అది అహింస. ప్రతి వాక్యానికీ ముందు 'అ' ఉంది. చిల్లులో పోయింది."

"పోతే వెతుక్కురా నాయనా."

చిల్లుల్లేని కాగితాలు పంచమన్నాడు స్వామి. పెద్దలు ఎవరి చిల్లులు వాళ్లు పొడుచుకున్నారు. కాగితం కదలకుండా ఒకరికొకరు పట్టుకుంటూ మళ్లీ మాటల్లో పడ్డారు. పీట సంగతి ఎవరూ ఎత్తలేదు. ఓంకారయ్యకు ఏడుపు ఒక్కటే తక్కువ.

ప్రింటరు అడుగు డబ్బా నేల మీద బోర్లించి కూర్చున్నాడు. గుండ్రటి ముక్కలు గుట్టగా పడ్డాయి. ఎవరో ఫ్యాను వేశారు, అవి గదంతా ఎగిరాయి. మోకాళ్ల మీద పాకుతూ, మంచం కింద దూరుతూ, చివరికి ఒక ముక్కను అరచేతిలో పెట్టుకుని స్వామి ముందుకొచ్చాడు. అతని జుట్టునిండా ముక్కలే.

"'అ' దొరికింది స్వామీ. కానీ ఇది అహింసదో, అహంకారానిదో తెలియడం లేదు."

స్వామి ఆ ముక్కను తీసుకోలేదు. ఓంకారయ్య వేళ్లను మెల్లగా దాని మీదికి ముడిచాడు.

"నువ్వు దేని ముందు పెడితే దానిదే నాయనా."