పీట మీది వెచ్చదనం

"స్వామీ, కళ్లు మోసపోతాయంటారు, సరే. చెవులు మోసపోతాయంటారు, అదీ సరే. చేత్తో ముట్టుకుని తెలుసుకున్నది కూడా అబద్ధమవుతుందా?" అని అడిగాడు తిరువేంగళం.

సింగరాచార్యులవారు మాకు తర్కం చెప్పే రోజులవి. అడగ్గానే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. తాంబూలం నములుతూ ముందు అడిగినవాడి మొహంలోకి చూసేవారు. ప్రశ్న వెనక ఇంకేదో నక్కి ఉందని ఆయనకు ఇట్టే తెలిసిపోయేది.

"అసలు సంగతి చెప్పు నాయనా," అన్నారు.

అసలు సంగతి ఘోరమైనదే. పాఠాల సావిట్లో ఆచార్యులవారు కూర్చునే పనసచెక్క పీట ఒకటుంది. దాన్ని ఆయన తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు. తుడుచుకోవడం కూడా ఆయన ఉత్తరీయంతోనే. కాదని ముట్టుకున్నవాడు మూట సర్దుకోవలసిందే. తెల్లారగట్ల సావిడి ఊడ్చే దాశరథి ఆ పీటెక్కి దర్జాగా కూర్చుంటున్నాడని తిరువేంగళం ఫిర్యాదు.

"చూశావా?"

"చూడలేదు స్వామీ. వాడు బయటికి రాగానే నేను లోపలికి వెళ్తాను. నేల మీది బండ జిల్లుమంటుంది. పీట పక్కనున్న రాగి చెంబు తాకితే వేళ్లు కొంకర్లు పోతాయి. పీట మాత్రం వెచ్చగా ఉంటుంది. ఒకనాడు కాదు, రోజూ ఇంతే! ఇంత ధనుర్మాసపు చలిలో, ఎవరూ కూర్చోకుండా పీటకి ఆ వెచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

 దాశరథి అమ్మా నాన్నా లేనివాడు. ఆ గడప దాటితే తల దాచుకునే చోటు లేదు. "నేను కూర్చోలేదు స్వామీ," అని మాత్రం గొణిగాడు. నిజం చెప్పొద్దూ, మాలో ఒక్కడూ నమ్మలేదు. వాడు మామూలుగా నడిచినా దొంగనడకలాగే కనబడింది. భోజనాల దగ్గర వాడి పక్క విస్తరి ఖాళీగా ఉండిపోయింది.

"ఇవాళ సావిడికి తాళం నువ్వే వెయ్యి," అన్నారు ఆచార్యులవారు తిరువేంగళంతో. "తాళంచెవి నీ మొలతాడుకే కట్టుకో. దాశరథి నా గదిలో పడుకుంటాడు."

మర్నాడు పొద్దున్నే అందరం సావిడి ముందు చేరాం. తిరువేంగళం తాళం తీసి, ఆచార్యులవారు సైగ చేయగానే పీట మీద చెయ్యి పెట్టాడు. పెట్టి తెల్లమొహం వేశాడు. పీట వెచ్చగానే ఉంది!

పోనీ అక్కడైనా ఆగాడా? కిటికీలోంచి దూరి ఉంటాడన్నాడు. కిటికీకి ఇనప ఊచలున్నాయి. అయితే మారు తాళంచెవి ఉండే ఉంటుందన్నాడు. అది ఎవరి దగ్గర ఉండొచ్చా అని ఒక్కొక్కరినీ చూస్తూ, చివరికి ఆచార్యులవారి మొలకేసి కూడా అనుమానంగా చూశాడు. ఔరా, ఎంత తెగువ అనుకున్నాం.

ఆయనకు కోపం రాలేదు. పీటనూ చెంబునూ తానే మోసుకెళ్లి వాకిట్లో ఎండలో పెట్టారు. పాఠం యథాప్రకారం సాగింది. ఎండ బాగా ముదిరాక తిరువేంగళాన్ని పిలిచి, "ఇప్పుడు రెండూ ముట్టుకు చూడు," అన్నారు.

చెంబు చురుక్కుమంది. వాడు చెయ్యి విదిలించుకున్నాడు. పీట అంతగా కాల్చలేదు.

"ఈ చెంబు మీద ఎవరు కూర్చున్నారంటావు?" అని అడిగారు ఆచార్యులవారు.

మేం పడీ పడీ నవ్వాం. దాశరథి మాత్రం నవ్వలేదు, స్తంభానికి ఆనుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు.  తిరువేంగళంలోని అనుమానం ఇంకా పూర్తిగా చావలేదు.

"మరి పొద్దున పీట మీది వెచ్చదనం ఎవరిది స్వామీ?"

"నీ చేతిదే. అక్కడున్న వస్తువులన్నిటికీ చలి ఒక్కటే. ఎండలో వేడిని నీ చేతికి గబుక్కున ఎక్కించినట్టే, చలిలో రాయీ రాగీ నీ చేతి వేడిని గబుక్కున లాగేసుకుంటాయి. చెక్క అంత లాక్కోదు, నీది నీకే వదిలేస్తుంది."

ఆచార్యులవారు పీటను ఉత్తరీయంతో నెమ్మదిగా తుడిచి చంకన పెట్టుకున్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు.

"ఇంతకీ తిరువేంగళం, నా పీటను రోజూ ముట్టుకున్నవాడెవడు?"